కట్టని పాకం

మా అన్నకు రుచి పోయింది. నాలుక ఉంది, మాట ఉంది, తిట్లు కూడా ఎక్కడికీ పోలేదు. రుచి ఒక్కటే పోయింది. హైదరాబాదు పెద్ద దవాఖానలో గొంతులో లేచిన గడ్డకు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకుని ఇంటికి వచ్చాక ఆయనకు అన్నం, జొన్నరొట్టె, పప్పు, అట్టముక్క అన్నీ ఒకటే అయ్యాయి. కొన్నాళ్లకు రుచి తిరిగి రావచ్చునని డాక్టరమ్మ చెప్పింది. రాకపోవచ్చునని కూడా చెప్పింది. రెండూ ఒకే గొంతుతో చెప్పింది కాబట్టి దేన్ని పట్టుకుని వేలాడాలో మాకు అర్థం కాలేదు.

వేరే మనిషికైతే అది జబ్బుతో వచ్చిన కష్టాల్లో ఒకటి. మా అన్నకు రుచే బతుకుతెరువు. జహీరాబాద్ దగ్గర మొగుడంపల్లి అవతల మాకున్న చెరుకు తోట పక్కన మా నాయన కాలం నుంచి బెల్లం పొయ్యి ఉంది. నాయన పోయాక అది అన్న చేతికి వచ్చింది. గానుగాడిన రసం పెద్ద కడాయిలో ఉడుకుతుంటే, ఎప్పుడు దించాలో చెప్పేది ఆయన నాలుకే. తెడ్డుకు అంటిన పాకాన్ని నీళ్లలోకి జారవిడిచి, వేళ్లతో ఉండ చేసి, నోట్లో వేసుకుని కళ్లు మూసుకునేవాడు. ఆ కళ్లు తెరుచుకునేదాకా పొయ్యి దగ్గర ఎవరూ నోరు విప్పకూడదు. ఒకసారి నేను సరిగ్గా అప్పుడే తుమ్మి వీపు మీద తిన్నాను. కళ్లు తెరిచాక "దించున్రి" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం బీదర్ నుంచి వచ్చిన వ్యాపారులు పిప్పి కుప్పల నీడలో కూర్చుని బీడీలు కాల్చేవారు.

అల్లం అంటే నాకు తెలియదా, బెల్లంలా పుల్లగా ఉంటుంది అన్నాడట వెనకటికొకడు. అల్లమూ చెరుకూ పక్కపక్కనే పండే నేల మాది. ఈ సామెత లేకుండా మా ఇంట్లో పూట గడిచేది కాదు. ఎవరు తెలిసీ తెలియని మాట మాట్లాడినా అన్న ఇదే అందుకునేవాడు. జబ్బు చేశాక మేమంతా భయపడి ఆ సామెత మానేశాం. ఆయన మానలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు యాపిల్ పండ్ల సంచి మంచం మీద పెట్టి "జర తినున్రి, బలమొస్తది" అంటే, ఒక ముక్క నమిలి "అల్లం మంచిగున్నది" అనేవాడు. నవ్వాలో ఏడవాలో తెలియక వాళ్లు చెప్పులు వెతుక్కునేవారు.

నేనేమో బీరు మనిషిని. కెమిస్ట్రీ చదివి, హైవే పక్కనున్న ఒక బీరు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో చేరి చాలా ఏళ్లు అక్కడే పనిచేశాను. ఇప్పుడు హైదరాబాదులో ఒక చిన్న బ్రూవరీలో తయారీ అంతా నా చేతి మీదే నడుస్తుంది. పెళ్లి సంబంధాలు చూసే రోజుల్లో మా అమ్మ నా ఉద్యోగం మందుల కంపెనీలో అని చెప్పేది. అబద్ధమేముందే అని నన్నే గద్దించేది. ఆడది బీరు కాయడమేమిటని ఊళ్లో నవ్వుకున్నారు. నవ్వనిది మా వదిన ఒక్కతే. ఆమె తండ్రి గుడుంబా తాగి తాగి, పొట్ట ఉబ్బి, ఆమె కళ్ల ముందే పోయాడు. ఆమెకు బీరైనా గుడుంబా అయినా ఒకటే. నేను పండక్కి వెళితే కడుపు నిండా పెట్టేది, నా ఉద్యోగం గురించి మాత్రం ఒక్క ముక్క అడిగేది కాదు.

గుడుంబాకు కావలసింది బెల్లమే. అందులోనూ పాడైన బెల్లం. నరికిన చెరుకు ఎండలో పడి ఉంటే రసం పులుపెక్కుతుంది. ఆ రసాన్ని ఎంత కాచినా గట్టిపడదు, జావలా ఉండిపోతుంది. అలాంటి పాకం కోసం ఒకప్పుడు మొహానికి తువ్వాల చుట్టుకున్న మనుషులు మోటారు సైకిళ్ల మీద వచ్చేవారు. మా నాయన ఇవ్వలేదు, అన్న ఇవ్వలేదు. బర్లకు కుడితిలో కలిపేవారు, మిగిలితే తోటలో పారబోసేవారు. పాకం కట్టలేదు అన్న మాట మా ఇంట్లో, పిల్ల లేచిపోయింది అన్నంత మెల్లగా చెప్పుకునే మాట. అందుకే పొయ్యి గట్టు మీద ఎప్పుడూ సున్నం తేట కుండ ఉండేది. రసం పులిసినట్టు అనుమానం వస్తే ఒక చెంబెడు పోస్తారు. పులుపు చచ్చి పాకం కడుతుంది. ఆ కుండ లేకుండా మా అన్న పొయ్యి ముట్టించిన రోజు లేదు.

దవాఖాన నుంచి వచ్చిన ఏడు కూడా చెరుకు కోత మొదలవగానే పొయ్యి ముట్టించాడు. వద్దంటే వినలేదు. నాలుక పోతే కళ్లున్నాయి, చెవులున్నాయి, నాకు పాకం చప్పుడు తెలుసు అన్నాడు. అది మాడింది. ముద్ద చూడ్డానికి బాగానే ఉంది, నోట్లో పెట్టుకుంటే చేదు, వెనకాల ఉప్పదనం. పనివాళ్లు మంచిగున్నది పటేలా అన్నారు. వదిన మంచిగున్నది అంది. బీదర్ వ్యాపారి ఒక ముక్క చప్పరించి, తల ఊపి, కన్నడంలో నాలుగు మంచి మాటలు చెప్పి సరుకు లారీ ఎక్కించుకుని పోయాడు. వారం తిరక్కుండా ఆ సరుకు చడీచప్పుడు లేకుండా వెనక్కి వచ్చింది.

అన్నకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఒక పొద్దున పళ్లు తోముకుంటూ కొట్టం వైపు వెళ్లి, వదిన కుడితి తొట్టిలో ముద్దలకు ముద్దలు వేసి కరిగిస్తుంటే చూశాడు. అక్కడే వేపపుల్ల పారేసి, వచ్చి మంచం మీద అటు తిరిగి పడుకున్నాడట. వదిన ఫోన్‌లో నాకిది చెబుతూ ఏడ్చింది. "తిట్టినా బాగుండు పిల్లా, తిడ్తలేడు" అంది. నేను బడికి వెళ్లే రోజుల్లో ఆమె కొత్త కోడలుగా వచ్చింది. అప్పటి నుంచి ఆమెకు నేను పిల్లనే.

అప్పటి నుంచి పొయ్యి చల్లబడింది. దానికంటే కష్టమైంది ఇంకొకటి. అన్న ఎవరి మాటా నమ్మడం మానేశాడు. తింటూ తింటూ కంచం మీద నుంచి తలెత్తి "ఉప్పు ఎక్కువైందా?" అని అడుగుతాడు. లేదు సరిపోయింది అంటే "ఆఁ, మీకెప్పుడైనా సరిపోతది" అంటాడు. ఉప్పు మరిచిపోయినాను అని వదిన నిజంగా ఒప్పుకున్నా, తనను సంతోషపెట్టడానికే అబద్ధమాడుతోందని అనుమానం. జబ్బు మనిషికి అందరూ మంచి మాటలే చెప్తారు. చెప్పి చెప్పి వాటికి విలువ లేకుండా చేస్తారు. ఆయనకు కావలసింది రుచి గురించి ఒక్క నికార్సయిన మాట. అది ఇవ్వగలిగినవాళ్లు మా ఇంట్లో ఎవరూ మిగల్లేదు.

ఆ రోజుల్లోనే మా బ్రూవరీ యజమాని ఇంగ్లండు చూసి వచ్చాడు. అక్కడేదో పాత ఊళ్లో, పాత పద్ధతిలో కాచిన పేల్ ఏల్ అనే లేతరంగు బీరు తాగాడట. వచ్చినప్పటి నుంచి మనిషి కాలు నిలవడం లేదు. అదే మనమూ చేయాలి మేడమ్ అంటూ పాత తయారీ పద్ధతుల కాగితాలు తెచ్చి నా బల్ల మీద పడేశాడు. డబ్బున్నవాడికి దాహం వేస్తే బావి తవ్వేది పనివాళ్లే కదా. విసుక్కుంటూ చదివాను.

చదివితే నవ్వొచ్చింది. పేరుకు దొరల బీరు, సరుకులు చూస్తే మన కిరాణా కొట్టు. బార్లీని మొలకెత్తించి, రంగు మారకుండా లేతగా వేడిమీద ఆరబెట్టిన మాల్టు. మొక్కజొన్న అటుకులు. చేదుకూ వాసనకూ హాప్స్ పూలు, అదీ వాళ్ల దేశంలో ఒక మూల పండినవే శ్రేష్ఠమట. ఉడికేటప్పుడు వేసింది చాలక, పీపాల్లో నింపాక మళ్లీ ఒక గుప్పెడు. నీళ్లలో జిప్సం కలపాలి. వేరుశనగ చేనుకు చల్లుతామే, అదే. బీరు తేరుకోవడానికి చేప కడుపులోని గాలితిత్తిని ఎండబెట్టి, నానబెట్టి తీసిన జిగురు. చివరగా చక్కెర. మామూలు చక్కెర కాదు, ఇన్వర్ట్ అంటాం మేం. చెరుకు చక్కెరను పులుపు వేసి కాచి, మళ్లీ ఎప్పటికీ పలుకు పట్టకుండా చేసిన పాకం.

అక్కడ ఆగిపోయాను. మా నాయన, మా అన్న బతుకంతా ఏది రాకూడదని సున్నం తేట పక్కన పెట్టుకుని కాపలా కాశారో, వాళ్లు దాన్నే కోరి చేసుకున్నారు.

ఇన్వర్ట్ డ్రమ్ముల్లో దొరుకుతుంది. ఫోన్ చేస్తే మర్నాటికి గేటు దగ్గర దించి పోతారు. నేను ఫోన్ చేయలేదు. జహీరాబాద్ బస్సెక్కాను. నాలుకతో పని లేని పాకం ఇదొక్కటే అనిపించింది నాకు. ఉండ కట్టిందా లేదా చూడక్కరలేదు, దించే ఘడియ కనిపెట్టక్కరలేదు. చెడగొట్టడానికే వీలు లేని పని. ఇది అప్పగిస్తే ఆయన మళ్లీ పొయ్యి ముట్టిస్తాడని నా ఆశ.

అన్న వాకిట్లో నులకమంచం మీద ఉన్నాడు. వదిన పక్కన కూర్చుని అల్లం కొమ్ముల మట్టి దులుపుతోంది. నీళ్లు తాగి, ఉపోద్ఘాతం లేకుండా చెప్పాను.

"అన్నా, నాకొక పాకం గావాలె. కట్టొద్దు."

"కట్టొద్దా? జావ పాకమా?"

"ఆఁ. సున్నం ముట్టొద్దు. నిమ్మరసం పిండి కాచాలె. సల్లారినా గట్టివడొద్దు."

"దేనికట?" అంది వదిన, తల ఎత్తకుండా.

"బీరుకు."

ఆమె చేతిలోని అల్లం కొమ్ము గంపలో విసిరింది. "బాగనే ఉన్నది. మా నాయన్ను మింగినదానికి మా కడాయి వెట్టాల్నా? ఇన్నేండ్లు గుడుంబోళ్లను గడప తొక్కనియ్యలే. ఇగ ఇంటి ఆడివిల్లే వచ్చి అడుగుతున్నది."

గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే. ఆమె మాటలో తప్పేమీ లేదు. అన్న మాత్రం నన్నే చూస్తున్నాడు. కరెంటుకు నల్లబడిన మెడ మీద తువ్వాల సర్దుకుని నెమ్మదిగా అన్నాడు.

"నాలిక లేనోనికి నాలిక లేని పని తెచ్చినవా చెల్లె?"

నాకు కోపం వచ్చింది. పట్టుబడ్డందుకు వచ్చిన కోపం.

"ఆఁ, గంతే. చేస్తవా, చెయ్యవా?"

ఆయన నవ్వాడు. దగ్గు కలిసిన నవ్వు. "ఇంటోళ్లల్ల నువ్వొక్కదానివే ఉన్నదున్నట్టు జెప్పినవ్" అన్నాడు. ఆ తర్వాత సాయంత్రందాకా బీరులో ఏమేం వేస్తారో అడిగి అడిగి చెప్పించుకున్నాడు. చేప గాలితిత్తి దగ్గర మళ్లీ నవ్వాడు. "మనం బెండకాడల జిగురేసి మడ్డి తీస్తం, ఆళ్లు చేప పొట్టేసి తీస్తరు. ఎవని అలవాటు వానిది." హాప్స్ ఎలా ఉంటాయన్నాడు. కొంచెం వేపాకు, కొంచెం నిమ్మతొక్క, కొంచెం ఎండుగడ్డి అన్నాను. కళ్లు మూసుకుని వాటిని ఒక్కొక్కటే తలచుకుంటున్నట్టు కూర్చున్నాడు. వదిన అక్కడి నుంచి లేచి వెళ్లలేదు. అదే ఒప్పుకోవడమని నేను అనుకున్నాను.

కొన్నాళ్ల తర్వాత ఒక ఉదయం పొయ్యి ముట్టించాం. పిప్పి అంటుకుని, పొగ తోట మీదికి పాకింది. రసం పొంగు వచ్చేసరికి అన్నకు పదేళ్ల వయసు తగ్గినట్టుంది. గళ్ల లుంగీ పైకి కట్టి, తెడ్డు పట్టుకుని కడాయి చుట్టూ తిరుగుతూ ఆ మంట తగ్గించున్రి, ఈ నురగ తీయున్రి అని కేకలు. అన్ని నెలల్లో ఆ గొంతు అంత ఎత్తుకు లేవడం అదే మొదటిసారి. నేను ఒక మూల కూర్చుని నిమ్మకాయలు పిండుతున్నాను. బీరుకు మా కడాయి పెట్టాలా అన్న వదిన, ఎవరూ అడగకుండానే బెండకాడలు దంచి తెచ్చింది.

నిమ్మరసం పోశాక అన్న కడాయి మీదికి వంగి, చెవి పక్కకు పెట్టి పాకం చప్పుడు విన్నాడు. ఏదో నచ్చలేదు. ముఖం చిట్లించాడు. వంగినవాడు వంగినట్టే చెయ్యి వెనక్కి చాపి, గట్టు మీదున్న సున్నం తేటలో చెంబు ముంచి, కడాయి నిండా తిప్పుతూ పోశాడు. బయటికి వెళుతూ తలుపు దగ్గరికి వేసినట్టు, అంత మామూలుగా. పోస్తూనే నాతో మాట్లాడుతున్నాడు, చెరుకు ఈసారి లేతగా ఉందనో ఏదో.

నేను చూశాను. వదిన చూసింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆమె వద్దన్నట్టు కళ్లతోనే చెప్పింది. ఆమె చెప్పకపోయినా నాకు నోరు వచ్చేది కాదు. పాకం పులిసిందనిపిస్తే సున్నం పోయడం ఆయన చేతికి పుట్టుకతో వచ్చిన విద్య. ఆ చేతికి నేను చెప్పిన మాట ఎక్కలేదు.

దించి చల్లారపోశారు. డబ్బాలు వరసగా పెట్టుకుని నేను కూర్చున్నాను. కాసేపటికి అన్న తెడ్డుతో పాకం మీద ఒక గీత గీశాడు. గీత పూడలేదు. ఇంకోటి గీశాడు. అంచుల నుంచి పలుకు పడుతోంది. బంగారు రంగు, మాడు లేదు, మడ్డి లేదు.

"కట్టింది!" అని అరిచాడు. "ఒసే, కట్టిందే! చూడున్రి రా!"

పనివాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఆయన వాళ్ల ముఖాలు చూస్తూ నవ్వుతున్నాడు. అలా చూస్తూ చూస్తూ నా దగ్గరికి వచ్చేసరికి, నా ముందున్న ఖాళీ డబ్బాలు కనబడ్డాయి. నవ్వు ఆగిపోయింది. గట్టు మీది కుండ వైపు చూశాడు. తెడ్డు కింద పెట్టేశాడు.

"నువ్వు కట్టొద్దన్నవ్ గద."

"నడుస్తది అన్నా. బీరును పులవెట్టే ఈస్ట్ ఉంటది సూడు, అది దీన్ని తనే ఇరగ్గొట్టుకుని తింటది. నీ బెల్లం వేసినా బీరు అయితది."

నేను చెప్పింది అక్షరాలా నిజం. ఈస్ట్‌కు ఆ శక్తి ఉంది. బెల్లాన్ని తనకు కావలసినట్టు తనే విడగొట్టుకుంటుంది. ల్యాబ్‌లో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కానీ అన్న నన్ను చూసిన చూపు ఇప్పటికీ నా కళ్ల ముందుంది.

"నువ్వు గూడ మొదలువెట్టినవా చెల్లె?" అన్నాడు.

ఆయన ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. పనివాళ్లంతా పాత అలవాటు కొద్దీ నోళ్లు మూసుకున్నారు. కళ్లు తెరిచాడు. ఇంకో ముక్క నా చేతిలో పెట్టి "ఎట్లున్నది?" అన్నాడు.

చిన్నప్పుడు గానుగ దగ్గర దొంగతనంగా గీక్కుని తిన్న బెల్లం ఎలా ఉండేదో అలాగే ఉంది. అంత మంచి బెల్లం అంతకు ముందు రెండు కాలాల్లో తిన్న గుర్తు లేదు. "మంచిగున్నదన్నా" అన్నాను. మాడిన బెల్లానికి అందరూ చెప్పిన మాటా అదే. ఆయన తలూపి, తువ్వాల దులుపుకుని ఇంటివైపు నడిచాడు. నికార్సయిన నిజం చెప్పి కూడా నేను ఆ అబద్ధాల వాళ్లలో కలిసిపోయాను. నా బాధ ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు. వదిన వచ్చి నా పక్కన కూర్చుంది.

ఆ ముద్దల్నే సంచిలో కట్టుకుని హైదరాబాదు తెచ్చాను. యజమానికి కావలసిన రంగుకు అది కొంచెం ముదురే. అయితే అయిందని మాల్టుతో పాటు వేసి కాచాను. హాప్స్ కాగితంలో రాసినంతా వేశాను, పిసినారితనం చేయలేదు. పీపాలో మళ్లీ గుప్పెడు వేసి మూత బిగించాను. పాత పేల్ ఏల్ తొందరపెడితే వచ్చేది కాదు. చల్లగా, చీకట్లో, దాని మానాన దాన్ని వదిలేయాలి. అది అలా మాగుతుండగా అన్న మెడలో మళ్లీ గడ్డ లేచింది. ఈసారి డాక్టరమ్మ రావచ్చు, రాకపోవచ్చు అని రెండు మాటలు చెప్పలేదు. ఇంటికి తీసుకుపోయి ఇష్టమైనవి పెట్టండి అంది. ఏది పెట్టినా ఇష్టం తెలియని మనిషికి ఆ మాట చెప్పింది. ఆ వానాకాలం తిరగకుండానే ఆయన వెళ్లిపోయాడు.

అంతకు ముందు, ఎండలు ముదిరాక, బీరు తేరిందని అనిపించిన వారం నేను ఒక సీసా పట్టుకుని వెళ్లాను. వెళుతున్నంతసేపూ బస్సులో భయమే. దేనికి తీసుకెళుతున్నానో నాకే తెలియదు. మధ్యాహ్నం వేళ, వాకిట్లో పందిరి కింద అన్న దిండుకు చేరగిలబడి ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. సీసా చూడగానే కళ్లు పెద్దవి చేసి "అయిందా?" అన్నాడు. నా మీద కోపం ఎప్పుడు పోయిందో, అసలు పోయిందో లేదో నాకు తెలియదు. వదిన లోపలి నుంచి గాజు గ్లాసు ఒకటి తెచ్చి, నా ముందు టక్కుమని పెట్టి, దూరంగా గడప మీద కూర్చుంది.

రెండు గుక్కలంత పోశాను. రంగు చూశాడు, గ్లాసు ఎండకు ఎత్తి, ఇటు తిప్పి అటు తిప్పి. "తేరుకున్నది" అన్నాడు. పనితనం చూసే చూపు అది. తర్వాత కొంచెం నోట్లోకి తీసుకుని, కళ్లు మూసుకున్నాడు.

"గొంతుల గీరుకపోతున్నది. గది చేదా?"

"చేదే అన్నా."

ఇంకో చుక్క తీసుకున్నాడు. నోట్లో చాలాసేపు ఉంచుకున్నాడు. వెతుకుతున్నాడు. ఆయన బుగ్గలు కదలడం చూస్తుంటే నాకు తెలుస్తూనే ఉంది, ఏం వెతుకుతున్నాడో. మింగి, కళ్లు తెరిచి, గ్లాసులోకి చూస్తూ అడిగాడు.

"మరి నా బెల్లమేది? తీపి తెలుస్తలేదు. నాకే తెలుస్తలేదా, నిజంగనే లేదా?"

ఆ బీరులో బెల్లం వేసేదే అందుకు. ఈస్ట్ దాన్ని చివరి పలుకుదాకా తినేస్తుంది. మాల్టు తీపి కొంత మిగలవచ్చు గానీ, బెల్లం తీపి మిగలదు. నేను చేసిన దాంట్లో నాలుకకు అందే తీపే లేదు, గొంతులో దిగేదాకా ఒకటే పొడి చేదు. ఈ మాటే చెప్పాను. "నిజంగనే లేదన్నా. అంతా తినేసింది."

ఆయన నమ్మలేదు. నమ్మనని ముఖం మీదే రాసి ఉంది. నన్ను దాటి గడప వైపు చూశాడు.

"ఇటు రా" అన్నాడు వదినతో. "ఒక్క గుక్క తాగి జెప్పు."

నేను బిత్తరపోయాను. ఆ మనిషిని, బీరు తాగమనడం. వదిన కూడా కదల్లేదు. తండ్రి గుర్తొచ్చి ఉంటాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం చూశాను. తర్వాత లేచి లోపలికి వెళ్లి వచ్చింది. నా చేతిలో సీసా వైపు చూడకుండా ఇంకో గ్లాసు ముందుకు పెట్టింది. ముక్కు మూసుకుని, కషాయం తాగినట్టు ఒక్కసారే గటుక్కున మింగింది.

ముఖం వంకరలు పోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "థూ! ఏంది పిల్లా గిది! ఏపాకు రసం నయం. దీన్ని పైసలిచ్చి తాగుతరా?"

"తీపి?" అన్నాడు అన్న.

"ఏడి తీపి! తీపి లేదు, గీపి లేదు."

"నిజం జెప్పు."

"మీ మీద ఒట్టు, లేదు!"

ఒట్టు ఎవరి మీద పెట్టిందో అన్నాక గానీ ఆమెకు తెలియలేదు. నాలుక కరుచుకుంది. అన్న మాత్రం ఆమె ముఖాన్నే చూస్తున్నాడు. ఆ వంకరలు ఇంకా పోలేదు. మంచిగున్నది అని చెప్పడానికి ముప్పై ఏళ్ల కాపురంలో నేర్చుకున్న ముఖం కాదది. ఆయన నా వైపు తిరిగాడు.

"నీకు గూడ తెలుస్తలేదా?"

"నాకూ లేదన్నా. ఎంత మంచి నాలికున్నోనికైనా దొరకది."

"ఎవ్వరికీ?"

"ఎవ్వరికీ."

ఆయన నవ్వాడు. నవ్వుతుంటేనే కళ్ల నుంచి నీళ్లు కారి గడ్డంలోకి దిగాయి. "అయితే నాకొక్కనికే గాదు" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ముందు ఏడవకూడదని అన్ని నెలలూ పట్టుకున్నది అప్పుడే వచ్చేసింది. ఆయన పట్టించుకోలేదు. ఖాళీ గ్లాసు నా ముందుకు చాపి "ఇంకింత పొయ్యి" అన్నాడు.

పోశాను. వదిన కొంగుతో మూతి తుడుచుకుని, తన గ్లాసు కూడా ముందుకు జరిపింది.